ఒకరికి రెండే! బొమ్మల దుకాణం నుంచి ఖల్జీ బజారు దాకా

మా భాంజా డాలస్‌లో ఉంటాడు. పోయిన సెలవుల్లో వస్తూ, పాల్మాకులలో ఉన్న ముగ్గురు పిల్లలకు తలా ఒక బొమ్మల సెట్టు తెద్దామనుకున్నాడు. ప్లాస్టిక్ ఇటుకలు ఒకదానికొకటి బిగించి ఇల్లో, ఓడో కట్టుకునే రకం. దుకాణంలో రెండు ఇచ్చి మూడోది ఇవ్వలేదు. "ఒకరికి రెండే" అని చీటీ అంటించి ఉందట. "మామూ, పైసలిస్తానన్నా ఇవ్వనంటే ఇదేం తమాషా? ఇవేమైనా బియ్యమా, మందులా?" అని ఫోన్లో నవ్వాడు. నవ్వడం అయిపోయాక అసలు సవాల్ అడిగాడు: "మూడో పిల్ల ఏం గునాహ్ చేసింది?"

సరదాకి అడిగినా, సవాల్ చిన్నది కాదు. అమ్ముకునేవాడు తన సౌదాను తానే అమ్మనని ఎందుకంటాడు? దీనికి జవాబు కోసం రెండు బజార్లు చూడాలి. ఒకటి ఈనాటిది, ఇంకొకటి ఏడు వందల ఏళ్ల కిందటి ఢిల్లీది.

ముందు ఈనాటిది. ఈ ఇటుకల బొమ్మలకు పేరు తెచ్చిన లెగో కంపెనీని 1932లో డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్లో ఓలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి మొదలుపెట్టాడు. మొదట్లో చెక్క బొమ్మలే. ఇప్పుడు మనం చూసే బిగింపు ఇటుకకు పేటెంటు దరఖాస్తు పెట్టింది 1958 జనవరి 28న. అప్పటి ఇటుక ఇప్పటి ఇటుకకు కూడా బిగుసుకుంటుంది. పాతబడని సౌదా అన్నమాట. పైగా కంపెనీ ఏ సెట్టునైనా కొన్నాళ్లు తయారుచేసి ఆపేస్తుంది. ఆపిన మర్నాటి నుంచి దాని ధర దుకాణంవాడి చేతిలో ఉండదు, డబ్బా విప్పకుండా దాచుకున్నవాడి చేతిలో ఉంటుంది. 2007లో 500 డాలర్లకు అమ్మిన మిలీనియం ఫాల్కన్ అనే పెద్ద ఓడ సెట్టు, ఆపేశాక వేల డాలర్లు పలికింది. 2017లో 7,541 ముక్కలతో మళ్లీ తెచ్చారు, 800 డాలర్ల ధరకు. మాస్కో ఆర్థికవేత్తలు 1987 నుంచి 2015 దాకా వచ్చిన సెట్ల ధరలు లెక్కగట్టి, ఇవి సగటున ఏడాదికి 11 శాతం లాభం ఇచ్చాయని తేల్చారు. అంటే మన దగ్గర బంగారం కొని సందూక్‌లో పెట్టుకున్నట్టు, అక్కడ కొందరు బొమ్మలు కొని అటకెక్కిస్తున్నారు. ఆడుకునే పిల్లల చేతికి అవి ఎన్నడూ రావు.

దీన్నే ఉర్దూలో జఖీరా అందోజీ అంటాం. ఫిఖ్ కితాబుల్లో ఇహ్తికార్. ఆ మాట ముఖ్యంగా తిండిగింజల గురించి పుట్టింది, బొమ్మల గురించి కాదు. కానీ దుకాణంవాడి ముసీబత్ మాత్రం ఒకటే. ధర పెంచితే గిరాకీలు తిట్టుకుంటారు. పెంచకపోతే దళారీ వచ్చి మొత్తం ఊడ్చుకుపోతాడు, ఆ పైలాభం వాడి జేబులోకి పోతుంది. ఈ రెండింటి మధ్య దొరికిన తోవే "ఒకరికి రెండే" చీటీ. దళారీకి దీన్ని దాటడం పెద్ద కష్టమేం కాదు, బావమరిదిని తీసుకొస్తాడు, ఇంకో పేరుతో ఇంకో ఖాతా తెరుస్తాడు. నిజంగా ఆగిపోయేది మా భాంజాలాంటి వాళ్లే.

ఇక ఢిల్లీ. సుల్తాన్ అలావుద్దీన్ ఖల్జీ 1296 నుంచి 1316 దాకా ఏలాడు. మంగోలుల హమ్లాలు ఒకవైపు, దేశమంతా జయించాలన్న కోరిక మరోవైపు. పెద్ద ఫౌజు కావాలి, కానీ సిపాయికి పెద్ద జీతం ఇస్తే ఖజానా ఆగదు. అందుకని జీతం 234 టంకాలకు కట్టేసి, ఆ జీతానికి బతకగలిగేలా బజారు ధరలను కిందికి తొక్కాడు. ఈ సంగతులన్నీ మనకు చెప్పింది జియావుద్దీన్ బరనీ, తన తారీఖ్-ఎ-ఫీరోజ్‌షాహీలో. సుల్తాన్ పోయిన నలభై ఏళ్లకు, ముసలితనంలో రాశాడు. కాబట్టి ప్రతి అంకెనూ కళ్లకద్దుకోనక్కర్లేదు. అయినా బజారు ఎలా నడిచిందో అంత తఫ్సీల్‌గా రాసినవాడు ఆ కాలంలో ఇంకొకడు లేడు.

బదాయూన్ దర్వాజా లోపల సరాయె అద్ల్ అని బట్టల బజారు పెట్టారు. ముల్తానీ సౌదాగర్లకు ఖజానా నుంచి 20 లక్షల టంకాలు అడ్వాన్సు ఇచ్చి, సరుకు తెచ్చి సర్కారీ ధరకే అమ్మమన్నారు. ఇక్కడే అసలు ఇబ్బంది మొదలైంది. ఢిల్లీలో జరీ బట్ట, దేవగిరి బట్ట చవగ్గా దొరుకుతుంటే వ్యాపారులు ఊరుకుంటారా? ఇక్కడ కొని బయటి ఊళ్లలో నాలుగైదు రెట్లకు అమ్ముకోవచ్చు. అందుకని ఖరీదైన బట్ట కావాలంటే పర్వానా ఉండాలన్నారు. అమీర్లకు, మలిక్‌లకు వాళ్ల వాళ్ల తాహతును బట్టి పర్వానాలు రాసిచ్చేందుకు ఒక అధికారిని వేశారు. నీ ఒంటికా, అమ్మకానికా అని అడగడమే ఆ పర్వానా పని. డాలస్ దుకాణం చీటీకి పర్దాదా ఇదే.

అయితే సుల్తాన్ బజారులో ఇంకో హద్దు కూడా ఉంది. దాని స్వభావం వేరు. వానలు ఎగ్గొట్టిన ఏడు గల్లా మండీలో కొనుగోలుదారుకు అర మణుగుకు మించి ఇవ్వొద్దన్నారు. అప్పటి ఢిల్లీ మణుగు చిన్నది, అర మణుగంటే ఇప్పటి లెక్కలో ఆరేడు కిలోల చుట్టూ. మొహల్లాకు ఎంతమంది జనాభా ఉందో చూసి అక్కడి బనియాలకు రోజూ అంత గల్లా పంపేవాళ్లు. ఆ తొక్కిసలాటలో ఎవరైనా బీదా బిక్కీ నలిగిపోయి, వట్టి చేతులతో తిరిగి వెళ్లారని సుల్తాన్ చెవినపడితే, శిక్ష మండీ మీద పెట్టిన షహనాకు పడేది. ఈ ఒక్క ముక్క కోసం బరనీని ఎన్నిసార్లయినా చదవొచ్చు. హద్దు పెట్టడంతో సర్కారు పని అయిపోలేదు. హద్దు పెట్టాక బలహీనుడి చేతికి గింజ అందిందా లేదా అన్నది కూడా సర్కారు జిమ్మేదారీయే అయింది.

మన మహఫిళ్లలో ఈ ఖిస్సా చెప్పేటప్పుడు ఇక్కడ ఆపేసి "చూశారా మన బాద్షాల ఇన్సాఫ్" అంటుంటారు. నాకు అక్కడ ఆపడం ఇష్టం లేదు. ఆ చవక గల్లా ఎక్కడి నుంచి వచ్చింది? దోఆబ్ రైతు పంటలో సగం ఖరాజ్‌గా ఊడ్చుకుంటే వచ్చింది. తూకం తక్కువైతే దుకాణదారు ఒంటి మాంసం కోసిన దాఖలా బరనీయే రాశాడు. ఆ చవక తిండి తిన్న ఫౌజు ఊరికే కూర్చోలేదు. 1309లో మలిక్ కాఫూర్ వెంట దక్కన్‌కు బయలుదేరి, మరుసటి ఏడు ఓరుగల్లు కోటను ముట్టడించింది. ప్రతాపరుద్రుడు ఏనుగులూ సొమ్మూ ఇచ్చి సంధి చేసుకున్నాడు. ఢిల్లీ గల్లా ధర బిల్లులో కొంత మన తెలంగాణ కూడా కట్టిందన్నమాట. సుల్తాన్ మౌత్ తర్వాత ఆ బందోబస్తు ఎన్నాళ్లో నిలవలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి నిజాం హుకూమత్‌లోనూ ఇలాంటి కథే. శహర్‌లో రేషన్, పల్లెలో లెవీ. పెద్ద దేశ్‌ముఖ్ గాదె దాకా పోని అధికారి చిన్న రైతు గాదె అడుగు దాకా ఊడ్చాడు. తెలంగాణ రైతాంగం తిరగబడ్డానికి ఉన్న కారణాల్లో ఈ లెవీ ఒకటి. హద్దు ఎంత అన్నది ఒక సవాల్ అయితే, ఎవరి మీద అన్నది దానికన్నా పెద్ద సవాల్.

మూడో పిల్ల సంగతికి వస్తే, మన ఖాందాన్లకు ఆ పిల్ల కొత్త కాదు. 1983లో ఎన్.టి. రామారావు సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం తెచ్చింది. మనిషికి 5 కిలోలు, కానీ కార్డుకు 25 కిలోలు దాటొద్దు. అంటే ఇంట్లో అయిదుగురిదాకా కడుపులు, ఆరో మనిషి నుంచి లెక్కలో లేరు. దాదీ, తయాబ్బా, పిల్లలు అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చునే ఇళ్లలో ఆరో మనిషి, ఏడో మనిషి కనీసం ఉంటారు. అందుకే ఎన్ని ఇళ్లు కాగితం మీద రెండయ్యాయో, అన్నదమ్ములు ఒకే పొయ్యి దగ్గర తింటూ రెండు కార్డులకు ఎందుకు అర్జీ పెట్టుకున్నారో మా తరానికి తెలుసు. దాన్ని మోసం అనడం నాకు నోరు రాదు. తర్వాతి రోజుల్లో ఆ లెక్క మనిషికి 4 కిలోలు, కార్డుకు 20కి దిగింది. 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోలు చేసి, కార్డుకున్న ఆ పైహద్దు తీసేశారు. సన్న బియ్యం వచ్చినప్పుడు అయినంత షోర్ దీనికి కాలేదు. నా మట్టుకు నాకు, పెద్ద ఖాందాన్లకు ఎక్కువ ఫాయిదా ఇచ్చిన మార్పు ఇదే.

బొమ్మల దుకాణం మా భాంజాను ఒక గిరాకీగా లెక్కపెట్టింది. వాడి వెనక ముగ్గురు పిల్లలున్నారన్నది ఆ లెక్కలో పట్టే సంగతి కాదు. దుకాణం దగ్గర జనాభా చిట్టా ఉండదు, దాని తప్పూ లేదు. బొమ్మ లేకపోతే పిల్ల ఏడుస్తుంది, అంతే. బియ్యం విషయంలో అదే లెక్క వేస్తే ఏమవుతుందో అమెరికాలోని మనవాళ్లే 2023లో చూశారు. ఆ ఏడు జులై 20న భారత సర్కారు బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని ఆపేసింది. వార్త తెలిసిన గంటల్లోనే అక్కడి ఇండియన్ దుకాణాల ముందు మన తెలుగువాళ్లు వరుస కట్టారు. సోనా మసూరి బస్తాలు పదేసి బండ్లకెక్కిన వీడియోలు మన ఫోన్లన్నింటికీ వచ్చాయి. పడవల్లో అప్పటికే బయలుదేరిన బియ్యం ఉంది, గోదాముల్లో ఉంది. కిల్లత్ ముందు మనసుల్లో వచ్చింది, బజార్లోకి ఆ తర్వాత. దుకాణాలు "కుటుంబానికి ఒక్క బస్తా" అని కాగితాలు అంటించాయి. అయిదుగురున్న ఇంటికీ ఒక బస్తా, ఇద్దరున్న ఇంటికీ ఒక బస్తా. ఒకే అపార్ట్‌మెంటులో కిరాయికుండి నలుగురు కుర్రాళ్లు కలిసి వండుకుంటే వాళ్లు ఒక కుటుంబమా, నాలుగా అన్నది కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి అప్పటికప్పుడు తేల్చాల్సిన ఫైసలా అయింది. ఆ నిషేధాన్ని ఢిల్లీ ఎత్తేసింది 2024 సెప్టెంబర్ 28న.