ఆట మనది, మార్కులు వాళ్లవి: కలకత్తా నుంచి గేమ్ రివ్యూల సింహావలోకనం

కలకత్తాలో ఆడిన ఆటకు లండన్‌లో విలువ కట్టడం కంప్యూటర్లతో మొదలైన సంగతి కాదు. 1848 ప్రాంతం నుంచి పదేళ్లకు పైగా జాన్ కాక్రేన్ అనే స్కాట్లాండు బారిస్టరు ఈ ఊళ్లో మహేశ్‌చంద్ర బందోపాధ్యాయతో చదరంగం ఆడాడు. మహేశ్ నేర్చుకున్నది దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే జరుగుతుంది. ఆ అలవాటుతోనే ఆయన ఇంగ్లీషు పద్ధతి ఆటనూ నింపాదిగా, పక్కల నుంచి కమ్ముకొస్తూ ఆడేవాడు. ఆ ఆటలు లండన్ పత్రిక ‘చెస్ ప్లేయర్స్ క్రానికల్’కెక్కాయి, ఆ ఎత్తులు తర్వాత ‘ఇండియన్ డిఫెన్స్’ అయ్యాయి. దేశం పేరు నిలిచింది, మనిషి పేరు చదరంగం పిచ్చి ఉన్నవాళ్లకే తెలుసు.

కంప్యూటర్ గేమ్ రివ్యూల చరిత్ర రాసేవాళ్లు 1970ల చివరితో మొదలుపెడతారు. అమెరికాలో ‘వీడియో’ అనే పత్రికలో బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ ‘ఆర్కేడ్ ఆలీ’ శీర్షిక పెట్టింది అప్పుడే. 1981లో ‘ఎలక్ట్రానిక్ గేమ్స్’, ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’, బ్రిటన్‌లో ‘కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్’ వరసగా వచ్చాయి. వీటిలో ‘కంప్యూటర్ గేమింగ్ వరల్డ్’ అంకెల జోలికి పోలేదు. యుద్ధ వ్యూహాల ఆటలంటే ప్రాణం పెట్టే పాఠకులు కాబట్టి పేజీలకు పేజీలు ఓపిగ్గా చదివేవాళ్లు. 1994 దాకా అక్కడ నక్షత్రాలే లేవు.

మార్కుల పిచ్చి బ్రిటిష్ పత్రికలది. 1984లో లడ్లో అనే చిన్న ఊరి నుంచి ‘క్రాష్’ వచ్చింది. రివ్యూలకు స్థానిక బడిపిల్లల్నే కూర్చోబెట్టి ఆడించేవారు. బొమ్మలకింత, ఆడుకోవడానికింత, వ్యసనంలా పట్టేసే గుణానికింత, పెట్టిన డబ్బుకింత అని విడగొట్టి నూటికి ఎన్నో తేల్చేవారు. మరుసటి ఏడాది అదే సంస్థ తెచ్చిన ‘జాప్!64’ ఇంకో అడుగు వేసి ‘హుకబిలిటీ’, ‘లాస్టబిలిటీ’ అని రెండు గడులు గీసింది: మొదటి పది నిమిషాల్లో పట్టేస్తుందా, నెల తర్వాత కూడా ఆడతామా అని. నవ్వొచ్చే మాటలే గానీ, ఇప్పటి రివ్యూల్లో చాలావాటి కంటే అవే నిజాయితీగల గడులని నా అభిప్రాయం. జపాన్‌లో 1986లో పుట్టిన ‘ఫామిత్సు’ది వేరే దారి. నలుగురు తలా పదికి మార్కులేస్తే మొత్తం నలభై. 1998లో ‘జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ వచ్చేదాకా ఆ నలభైకి నలభై ఎవరికీ దక్కలేదు.

ఇదంతా జరుగుతున్నప్పుడు మనవైపు ‘మీడియా’, ‘సామురాయ్’ పేర్లతో టీవీకి తగిలించుకునే వీడియోగేములు, వాటిలోకి ‘మారియో’, ‘కాంట్రా’ ఉన్న క్యాసెట్లు. వాటికి రివ్యూ ఏమిటి, పక్కింటివాడు అరువిస్తే అదే రివ్యూ.

పీసీలు ఇళ్లలోకి వచ్చాక కథ మారింది. కలకత్తాలో కంప్యూటర్ సరుకంటే చాందినీ చౌక్, విదేశీ సరుకంటే ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్. గేమ్ సీడీల్లో దొంగ కాపీలే ఎక్కువ. చదవడానికి ‘చిప్’, అదే పేరు మార్చుకుని 2001లో వచ్చిన ‘డిజిట్’, ఆ సంస్థే తెచ్చిన గేమింగ్ పత్రిక ‘స్కోర్’. ‘డిజిట్’తో వచ్చే సీడీలో డెమోలుండేవి. డయలప్ రోజుల్లో చాలామందికి అసలు రివ్యూ ఆ డెమోనే. పత్రికలోని రివ్యూలో కూడా కుర్రాళ్ల కళ్లు ముందు పడేది మార్కుల మీద కాదు, ప్రాసెసర్ ఎంత, ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని రాసిన చిన్న డబ్బా మీద. ‘బాగుందా?’ అన్న ప్రశ్న తర్వాత. ముందు ‘మన మెషీన్ మీద ఆడుతుందా?’ ఆ మెషీన్ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన చాందినీ దుకాణదారుడే ఊరి మొదటి గేమ్ విమర్శకుడని నేనంటాను. పాశ్చాత్య పత్రికల మార్కుల్లో మాత్రం ఆ ప్రశ్నకు చోటు తక్కువ.

దానికి మంచి ఉదాహరణ 2004లో వచ్చిన ‘హాఫ్-లైఫ్ 2’. పీసీ షూటర్లలో దానికొచ్చినన్ని మార్కులు వచ్చినవి తక్కువ. పత్రికల మార్కులన్నీ కలిపి తేల్చే మెటాక్రిటిక్ సగటు 96. అయితే సీడీ కొన్నా, ఇంటర్నెట్‌లోకి వెళ్లి స్టీమ్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా యాక్టివేట్ చేయందే అది తెరుచుకోదు. ఫోన్ లైను మీద నిమిషాల లెక్కన నెట్ వాడే ఇంట్లో ఆ 96కి అర్థమేమిటి?

ఇక్కడే ఒక్కో తరహా ఆటకు ఒక్కో కథ. ఈఏ స్పోర్ట్స్ 2006 చివర్లో తెచ్చిన ‘క్రికెట్ 07’ని విమర్శకులు పెద్దగా మెచ్చుకోలేదు. యాషెస్ జట్లకే లైసెన్సు, మన ఆటగాళ్లకు మార్చిన పేర్లు. ఆ తర్వాత ఆ సంస్థ క్రికెట్ ఆటలే మానేసింది. అయినా భారతదేశంలో ఇంత దీర్ఘాయుష్షు ఇంకే క్రీడాగేముకూ లేదేమో. అభిమానులే అసలు పేర్లు పెట్టి, జెర్సీలు మార్చి, ఐపీఎల్ జట్లను ప్యాచ్‌లుగా ఎక్కించి ఏళ్ల తరబడి ఆడారు. నాసిరకం పీసీ మీదా నడుస్తుంది మరి. ‘లాస్టబిలిటీ’ గడి ఉంటే దీనికి నూటికి నూరే. ఫుట్‌బాల్ సంగతీ అంతే. 2021లో ‘ఫిఫా 22’లోకి ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, దాంతోపాటు మోహన్‌బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లూ వచ్చాయి. ఏటా వచ్చిన ఫిఫాలో కొత్తేముందని విమర్శకులు విసుక్కోవడం అప్పట్లో మామూలే. కలకత్తావాడికి కొత్త ఆ జట్లే.

ఈలోగా మార్కులకు డబ్బు విలువ వచ్చింది. 2001లో మెటాక్రిటిక్ మొదలై అన్ని పత్రికల అంకెల్నీ కలిపి ఒక్క సగటు తేల్చింది. 2010 నాటి ‘ఫాలవుట్: న్యూ వేగస్’ చేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తేనే బోనస్ అని షరతు, వచ్చింది 84. అంతకు మూడేళ్ల ముందు ‘కేన్ అండ్ లించ్’కి పదికి ఆరు వేసిన గేమ్‌స్పాట్ రివ్యూయర్ జెఫ్ గర్స్‌ట్‌మన్ ఉద్యోగం పోయింది, ఆ గేమ్ ప్రకటనలు అప్పుడు ఆ సైటు నిండా ఉన్నాయి. ఇక 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’. విడుదలకు ముందు విమర్శకులకు ఇచ్చింది పీసీ వెర్షనే. మార్కులు పోటెత్తాయి. జనం పాత ప్లేస్టేషన్ 4లో పెట్టి చూస్తే ఆట అడుగడుగునా ఆగిపోయింది. చివరికి పీసీకి 86, పీఎస్4కి 57. సోనీ ఆటను దుకాణం నుంచే తీసేసి డబ్బు వాపసిచ్చింది. ‘ఏ మెషీన్ మీద?’ అని ప్రపంచమంతా అప్పుడు అడిగింది. చాందినీలో పదిహేనేళ్ల ముందే అడిగిన ప్రశ్న.

జనం మార్కుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. స్టీమ్ 2013లో వాడకందార్ల రివ్యూలు పెట్టింది, కోపమొస్తే మూకుమ్మడిగా దిగొచ్చి మార్కులు పడగొట్టడం మొదలైంది, 2017లో దాన్ని గుర్తుపట్టే గ్రాఫులు పెట్టాల్సి వచ్చింది.

కలకత్తా తనవంతుగా ఇచ్చింది అంకెలు లేని విమర్శ. ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పిన సౌవిక్ ముఖర్జీ ఇప్పుడు సెంటర్ ఫర్ స్టడీస్ ఇన్ సోషల్ సైన్సెస్‌లో పనిచేస్తున్నారు. ఆయన 2015లో గేములనూ కథనాన్నీ గురించి, 2017లో ‘వీడియోగేమ్స్ అండ్ పోస్ట్‌కలోనియలిజం’ పేరుతో సామ్రాజ్యవాదాన్ని గురించి, 2022లో ఉపఖండపు గేముల గురించి పుస్తకాలు తెచ్చారు. బొమ్మలెలా ఉన్నాయని కాదు, మ్యాపు ఎవరు గీశారని అడిగే చదువు అది.

ఆ కళ్లతో 2007 నాటి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3: ది ఏషియన్ డైనాస్టీస్’ తీయండి. 1857 తిరుగుబాటు మీద అల్లిన కాంపెయిన్‌లో కలకత్తాకు ఒక ఘట్టమే ఉంది. ఆడుతుంటే ముందు కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం ఆవు. మిగతా జాతుల్లో చాలావాటి రైతులు పశువుల్ని కోసి ఆహారం తెచ్చుకుంటారు; భారతీయ రైతుకు ఆ వీలు లేదు, ఆవుల్ని పవిత్ర క్షేత్రంలో నిలిపి అనుభవ పాయింట్లు సంపాదించాలి. ఆట లెక్కలో అది తెలివైన నియమమే. ఇంత పెద్ద దేశపు తిండిని ఒక్క నియమంలోకి కుక్కిన తీరు గురించి గ్రాఫిక్స్, సౌండ్ గడులు ఏం చెప్పగలవు?

2016లో ఈ ఊరి నుంచే వచ్చిన ‘మిస్సింగ్: గేమ్ ఫర్ ఎ కాజ్’ ఆ గడుల్ని ఇంకా ఇబ్బంది పెట్టింది. గోడల మీద ఆడపిల్లల నల్లటి నీడబొమ్మలు వేయించిన కళాకారిణి లీనా కేజ్రీవాల్, గేమ్ డిజైనర్ సత్యజిత్ చక్రవర్తి కలిసి చేసిన మొబైల్ గేమ్ ఇది. అమ్మేయబడిన ఒక పిల్లగా మనం ఆడతాం. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎవర్ని నమ్మాలి, ఎప్పుడు పారిపోవాలి, అన్నీ మన ఎంపికలే. సరదాగా ఉందా అని దీన్ని అడగడం కుదరదు. బొమ్మలకు మార్కులేయమంటే మధ్యస్తంగానే వేస్తాను. ఆ ఎంపికల గురించి రాయమంటే మాత్రం రెండు పేజీలు చాలవు.