పాత యుద్ధనౌకలకు కొత్త సత్తా: 'గోదావరి', 'రాజ్‌పుత్' నౌకల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గోదావరి డెల్టాకు ఓడల మరమ్మతు కొత్త విద్య కాదు. 1839 నాటి పెనుతుపానులో తీవ్రంగా దెబ్బతినక ముందు కోరంగి రేవు ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ బంగాళాఖాత తీరంలో పేరుపొందింది. కొత్త ఓడ చేతికి వచ్చేవరకు పాతదాన్ని బాగుచేసి నడుపుకోవడం ఓడలున్న ప్రతి సమాజానికీ తప్పని పని. ఆధునిక నౌకాదళం కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఈ వ్యాసం గోదావరి పేరు మోసిన ఫ్రిగేట్‌ను, విశాఖపట్నంలో విధులు ముగించిన రాజ్‌పుత్ డిస్ట్రాయర్‌ను ఆధారంగా తీసుకొని, ఆధునికీకరణ సాధించిన ఫలితాలను, దాని పరిమితులను పరిశీలిస్తుంది.

2. గోదావరి: పాత నమూనాపై కొత్త నిర్మాణం

నౌకాదళంలో గోదావరి పేరు రెండు తరాలది. 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరిన తొలి 'గోదావరి' స్లూప్ దేశవిభజన తరువాత పాకిస్థాన్‌కు దక్కింది. రెండవది ముంబయిలోని మజగావ్ డాక్‌లో నిర్మితమై 1983 డిసెంబరు 10న దళంలో చేరింది. దీని రూపకర్తలు బ్రిటిష్ లియాండర్ నమూనాను పెంచి, ఆవిరి యంత్రాలను అలాగే ఉంచి, సోవియట్ క్షిపణులనూ రెండు హెలికాప్టర్లకు చోటునూ అమర్చారు. 1988లో మాల్దీవుల తిరుగుబాటుదారులు బందీలతో పారిపోతున్న 'ప్రోగ్రెస్ లైట్' ఓడను అడ్డగించినది ఈ నౌకే. 2015 డిసెంబరు 23న ఇది విరమించింది.

3. రాజ్‌పుత్: పాత ఓడపై కొత్త క్షిపణి

1980లో సోవియట్ యూనియన్‌లోని పోటీ రేవులో దళప్రవేశం చేసిన రాజ్‌పుత్ గ్యాస్ టర్బైన్లతో నడిచేది. 2003లో ఓడపై నుంచి బ్రహ్మోస్ తొలి ప్రయోగం దీనిమీదే జరిగింది. తరువాత పాత క్షిపణి గొట్టాలలో కొన్నింటి స్థానంలో బ్రహ్మోస్ పెట్టెలు వచ్చాయి. ఇదే తరగతికి చెందిన రణవీర్ నుంచి 2008లో బ్రహ్మోస్‌ను నిలువుగా ప్రయోగించి చూశారు. ఆ విధంగా వృద్ధనౌకలు కొత్త ఆయుధానికి పరీక్షావేదికలు కూడా అయ్యాయి. రాజ్‌పుత్ 41 సంవత్సరాల సేవ ముగించి 2021 మే 21న విశాఖ నౌకాదళ డాక్‌యార్డులో విరమించింది. సరిగ్గా ఆరు నెలలకు, నవంబరు 21న, 'విశాఖపట్నం' డిస్ట్రాయర్ దళంలో చేరింది.

4. వారసుల జాప్యం, మరమ్మతుల మూల్యం

ఫ్రిగేట్ల విషయంలో వారసత్వం ఇంత సకాలంలో అందలేదు. 2013 జూన్‌లో త్రికంద్ చేరిన తరువాత 2024 డిసెంబరులో తుశీల్ వచ్చేవరకు కొత్త ఫ్రిగేట్ ఒక్కటీ చేరలేదు. ఆ మధ్యకాలంలోనే గోదావరి, గంగ, గోమతి మూడూ వరుసగా విరమించాయి. మిగిలిన ఓడలను మరమ్మతులతో నిలబెట్టుకోవలసి వచ్చింది. మరమ్మతు కూడా ప్రమాదరహితం కాదు. గోదావరి తరగతి నుంచి రూపొందిన బ్రహ్మపుత్ర తరగతి నౌక 'బేత్వా' 2016 డిసెంబరులో ముంబయి డ్రై డాక్‌లో ఒరిగిపోగా ఇద్దరు నావికులు మరణించారు. ఆ నౌకను మళ్లీ సేవకు సిద్ధం చేయడానికి చాలాకాలం పట్టింది.

5. ముగింపు

పై ఉదాహరణలను బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. ఆయుధాలు, రాడార్లు మార్చదగినవి. ఓడ దేహమూ యంత్రాలూ అంత తేలికగా మారవు. ఆవిరి బాయిలర్లకు ఎక్కువ మంది సిబ్బంది, నిరంతర సంరక్షణ అవసరం. వాటిని తొలగించాలంటే ఓడనే చీల్చవలసి వస్తుంది. కనుక ఆధునికీకరణ కొంత గడువును మాత్రమే ఇస్తుంది. ఆ గడువులోగా కొత్త ఓడ పూర్తికాకపోతే, మరమ్మతుపై పెట్టిన శ్రమ లోటును వాయిదా వేస్తుందే గాని తీర్చదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం నడుమ చమురు, సహజవాయు వేదికలు పనిచేస్తున్న ఈ తీరానికి అది దూరపు సమస్య కాదు. 2025 ఆగస్టు 26న ఉదయగిరి, హిమగిరి ఫ్రిగేట్లు రెండూ ఒకేరోజు విశాఖలో దళప్రవేశం చేయడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవలసి ఉంది.