దీర్ఘ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు

ప్రొటీన్ తయారీకి సంకేతమివ్వని, సాధారణంగా 200 న్యూక్లియోటైడ్‌లకు మించి పొడవుండే ఆర్‌ఎన్‌ఏ అణువులు. మానవ జన్యుపదార్థంలో ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగం 2 శాతం లోపే. ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలు పుట్టే మిగతా భాగాన్ని చెత్త అని ఒకప్పుడు చాలామంది కొట్టిపారేశారు. అది తొందరపాటు తీర్పు.

పసిపిల్లల నాడీవ్యవస్థలో పుట్టే న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్ ఇందుకు మంచి ఉదాహరణ. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చంద్రశేఖర్ కందూరి బృందం 2014లో ఎన్‌బాట్-1 అనే ఆర్‌ఎన్‌ఏ గురించి ప్రకటించింది. ఇది ఈజెడ్‌హెచ్2 ప్రొటీన్‌తో కలిసి, కణాల విచ్చలవిడి పెరుగుదలకు తోడ్పడే జన్యువులను అణచి ఉంచుతుంది. లేత కణాలు పరిణతి చెందిన నాడీకణాలుగా మారడానికీ సాయపడుతుంది. కణితిలో ఇది తగ్గిన పిల్లలకు ముప్పు ఎక్కువ. అంటే ఈ ఆర్‌ఎన్‌ఏ కాపలాదారు.

అన్నీ ఇలా మేలు చేయవు. హోటెయిర్ అనే ఆర్‌ఎన్‌ఏ మోతాదు పెరిగితే రొమ్ము క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకే ముప్పు పెరుగుతుందని 2010లో తేలింది. వీటిని రోగనిర్ధారణకూ వాడుకోవచ్చు: పీసీఏ3 అనే ఆర్‌ఎన్‌ఏను కొలిచి ప్రోస్టేట్ క్యాన్సర్ నిర్ధారణలో తోడ్పడే మూత్రపరీక్షకు అమెరికా 2012లో అనుమతించింది.

రోగనిరోధకతలోనూ వీటి పెత్తనముంది. లింక్‌ఆర్‌ఎన్‌ఏ-కాక్స్2 అనేది మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాల్లో కొన్ని రక్షణ జన్యువులను మేల్కొలిపి, మరికొన్నింటిని నిద్రపుచ్చుతుందని 2013లో వెల్లడైంది. ఎన్‌కిలా అనే ఆర్‌ఎన్‌ఏ మాత్రం కణితితో పోరాడాల్సిన టీ కణాలను చావుకు దగ్గర చేస్తుంది. కణితి తప్పించుకునే దారుల్లో ఇదొకటి.