పురుగుమందు డబ్బా మీది త్రికోణం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలల్లో వాడే పురుగుమందు డబ్బాల మీది రంగుల త్రికోణానికి మూలం 1958 నాటి ఒక ఘోరం. రవాణాలో పారథియాన్ అనే పురుగుమందు కలిసి గోధుమపిండి విషమయింది. ఆ పిండి తిని కేరళ, మద్రాసు రాష్ట్రాల్లో వందమందికి పైగా చనిపోయారు. విచారణ సంఘం సిఫార్సుల మీద పార్లమెంటు 1968లో పురుగుమందుల చట్టం చేసింది. నియమావళి 1971లో వచ్చింది.

లేబుల్ విషయంలో ఆ నియమావళి ఏ వివరాన్నీ వదల్లేదు. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి రెండు త్రికోణాలుగా విడదీయాలి. అది లేబుల్‌లో కనీసం 16వ వంతు ఉండాలి. కింది త్రికోణం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చైతే స్వల్పం. ఎరుపు మందుకు పుర్రె, ఎముకల గుర్తు తప్పనిసరి. విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు తెలిపే కరపత్రాన్ని ప్రాంతీయ భాషలోనూ అచ్చువేయాలి.

ఇవన్నీ అవసరమైనవే. అయితే కరపత్రంలోని వివరాలు చదవగలిగినవారికే పనికొస్తాయి. 1981 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 30 శాతం. మందు కలిపేవారిలో, కొట్టేవారిలో ఎక్కువమంది కూలీలు.

అసలు కష్టం డబ్బా బయట పెరిగింది. 1967లో ఈ జిల్లాలకు నీరందించే నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు. 1970లలో హైబ్రిడ్ పత్తి వచ్చింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. విచ్చలవిడి పిచికారీతో పురుగును తినే మిత్రకీటకాలు నశించాయి. దశాబ్దం మధ్యలో తెల్లదోమ విరుచుకుపడింది. 1987 నాటికి శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకు లొంగడం మానేసింది. లొంగని పురుగు మీద రైతు మరిన్ని మందులు కలిపి కొట్టాడు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు దేశం దృష్టికి వచ్చాయి.

విత్తనం, ఎరువు, మందు అమ్మే దుకాణమే రైతుకు అప్పిచ్చేది, ఏ మందు కొట్టాలో చెప్పేది కూడా. కౌలు రైతు పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉండదు కాబట్టి బ్యాంకు అప్పు దొరకడమూ కష్టమే. నకిలీ మందుతో పంట పోతే పరిహారం ఇప్పించే ఏర్పాటు 1968 చట్టంలో లేదు. 2000లో చేసిన సవరణ శిక్షలు పెంచింది, పరిహారం ఊసెత్తలేదు. 2008, 2020లలో రాజ్యసభ ముందుకొచ్చిన పురుగుమందుల నిర్వహణ బిల్లులు చట్టం కాలేదు.

పంట కొనేవాడి భద్రత విషయంలో ప్రభుత్వం చురుగ్గా కదిలిన సందర్భాలున్నాయి. మిరపపొడిలో సూడాన్ అనే హానికర రంగు ఉందని 2003లో ఐరోపా హెచ్చరించగానే స్పైసెస్ బోర్డు ఎగుమతి సరుకుకు పరీక్ష తప్పనిసరి చేసింది. పండించేవాడికి మాత్రం అంత వేగంగా అండ దొరకలేదు. 2021-22లో కొత్తరకం తామరపురుగు మిరప తోటలను తుడిచిపెట్టినప్పుడు, మళ్లీ మందుల మీద మందులు కొట్టడమే రైతుకు మిగిలింది.

మోనోక్రోటోఫాస్ చరిత్ర ఈ తేడాను స్పష్టంగా చూపుతుంది. పత్తి రైతులు విరివిగా వాడిన ఈ మందుది ఎర్ర త్రికోణం. తినేవారి క్షేమం కోసం 2005లో కూరగాయల మీద దాని వాడకాన్ని నిషేధించారు. పత్తిచేలో అదే మందు కొట్టే కూలీకి ఆ రక్షణ దక్కడానికి 2023 దాకా పట్టింది. ఆ ఏడాదే దాని ప్రధాన రూపాన్ని నిషేధించే ఉత్తర్వు వెలువడింది.

లేబుల్ మీద హెచ్చరిక అచ్చువేయించడం చట్టసభకు సులువైన పని. ప్రాణాంతక మందును అంగడి నుంచి తీసేయడం, నకిలీ మందుకు పరిహారం ఇప్పించడం, కౌలు రైతుకు అప్పు పుట్టించడం కష్టమైన పనులు. గుంటూరు, ప్రకాశం రైతుల ప్రాణాలు కాపాడేవి ఈ కష్టమైన పనులే.