అతుకుల బొంత

ఏ పనైనా ఒక తీరున కుదరకపోతే "అతుకుల బొంతలా ఉంది" అని తేలిగ్గా అనేస్తాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలవాళ్లు కూడా అదే మాటతో వెక్కిరిస్తారు. నేనూ చాలాసార్లు అన్నదాన్నే. బొంత చరిత్ర కాస్త తెలిశాక మాత్రం, ఆ మాట అనబోయి నాలిక కరుచుకుంటున్నాను.

మన ఇళ్లలో బొంత ఎలా తయారయ్యేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చిరిగిన నేతచీరలు, అరిగిన పంచెలు పారేసేవారు కాదు. ఉతికి ఆరేసి, నాలుగైదు పొరలుగా పరిచి, చిరుగు పడినచోట రంగుగుడ్డ అతికేవారు. పొరలు జారకుండా అంచు నుంచి వరసగా, సూదిని పైకీ కిందికీ పోనిస్తూ కుట్టేవారు. ఎన్నో ఉతుకులు పడ్డ నూలు మెత్తగా ఉంటుంది. పురిటిబిడ్డ పొత్తిళ్లకు మనం పాతచీర వెతికేది అందుకేగా! పొరల మధ్య చిక్కిన గాలి చలిని ఆపుతుంది. ఇది లేమి నేర్పిన విద్యే, కాదనను. కాని విద్యే.

ఈ అతుకులకు ఒకప్పుడు ఎంత గౌరవం ఉండేదో బౌద్ధుల వినయపిటకంలో కనిపిస్తుంది. బుద్ధుడు మగధ మీదుగా దక్షిణగిరికి వెళుతూ, గట్లతో చక్కగా విభజించిన పొలాలను చూశాడట. భిక్షువుల చీవరాలు ఈ పొలాల్లా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగితే, ఆయన ముక్కలు కత్తిరించి అలాగే కుట్టించాడట. ముక్కలు చేసిన గుడ్డ మీద దొంగకు ఆశ పుట్టదు. కట్టుకునేవాడికి గర్వం పుట్టదు. అలా అతుకులే సన్యాసికి అలంకారమయ్యాయి.

మన బొంతకు అక్క వంటిది బెంగాలు కంథా. అక్కడి ఆడవాళ్లు పాతచీరలు, ధోవతులు పొరలుగా వేసి, చీర అంచుల్లోంచి లాగిన రంగుదారాలతోనే కుట్టేవారు. నడుమ తామరపువ్వు, చుట్టూ ఏనుగులు, పల్లకీలు, చెట్లు వేసేవారు. గురుసదయ్ దత్ అనే ఐ.సి.ఎస్. అధికారి ఊళ్లు తిరిగి వీటిని సేకరించాడు. ఆయన 1941లో పోయారు. ఆ సేకరణతో కలకత్తా దగ్గర జోకాలో 1963లో మ్యూజియం తెరిచారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో బోధించిన స్టెల్లా క్రామ్‌రిష్ 1939లోనే కంథా కళ గురించి వ్యాసం రాశారు. ఆమె సేకరించిన కంథాలు అమెరికాలోని ఫిలడెల్ఫియా మ్యూజియానికి చేరాయి.

గురుసదయ్ సేకరణలో ఒక కంథా ఉంది. మానదాసుందరి అనే ఆవిడ పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని తండ్రి కోసం కుట్టింది. సిపాయిలను, దొరలను కూడా బొమ్మలుగా కుట్టి, తన పేరు దారంతోనే రాసుకుంది. ఆ నాలుగు అక్షరాల వల్లే ఈవేళ ఆమెను తలుచుకుంటున్నాం. పేరు కుట్టుకోని వేలమంది సంగతో? చేసిన పని మిగిలింది, చేసినవారు మిగల్లేదు.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ బొంత గుర్తొచ్చి గుండె కలుక్కుమంది. నా చిన్నతనమంతా దాని మీదే పడుకున్నాను. ఏ ముక్క ఎవరి చీరదో ఆవిడ వేలుపెట్టి చెప్పేది. ఇల్లు మారేటప్పుడు, చిరుగుల మూట ఎందుకని నా చేతులతోనే పారేశాను. ఆ ముక్కల కథలు ఇప్పుడు ఎవరినడగను?

అందుకే ఈమధ్య మా మంచం మీదికి ఒక దుప్పటి కుట్టాను. అత్తగారి నేతచీర, పిల్లల గౌన్లు, మావారి లుంగీ, అన్నీ నూలువే చూసి ఏరుకున్నాను. రంగు దిగేవి విడిగా ఉతికి, ముక్కలన్నీ ఒకే కొలతకు కత్తిరించాను. కుట్టు చాలాచోట్ల వంకరపోయింది. మా అమ్మాయి నవ్వింది, నవ్వుతూనే పక్కన కూచుని సూదిలో దారం ఎక్కించింది. ఏ ముక్క ఎవరిదో దానికి చెబుతూ కుట్టాను.

మీరు కుట్టినా ఒక మూల మీ పేరు, సంవత్సరం కుట్టండి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. రేపు మీ మనవరాలు దాన్ని కప్పుకుని, ఇది ఎవరు కుట్టారని అడిగితే, ఆ మూలే జవాబు చెబుతుంది.