ఇనుపమంచము – మన కొలిమి

మంచమనగానే మన పెద్దలకు మయబ్రహ్మ సంతతివారు స్ఫురింతురు. నులకమంచమైనను, పట్టెమంచమైనను, శ్రీమంతుల పందిరిమంచమైనను కోళ్లు చెక్కుటయు పట్టెలు బిగించుటయు వడ్రంగి పనియే. మనుబ్రహ్మ సంతతివాడగు కమ్మరికి దక్కినది మేకును కొక్కెమును మాత్రమే. అట్టి మంచము కొలిమి గడపకు వచ్చుట మిక్కిలి ప్రాచీనమైన ముచ్చట గాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణము లోహపుమంచములకు పుట్టినిల్లయ్యెను. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనములో అవి దేశదేశముల ప్రజల కంటబడెను.

వాని ప్రచారమునకు కారణము సోయగము కంటె ముందు నల్లి. కొయ్యమంచపు పగుళ్లలో కాపురముండు నల్లికి నున్నని ఇనుపకమ్మి నిలువనీడ నీయదు. అతుకులలో దూరినను, కాగిన నీరు పోసిన చాలును. కొయ్యకు పలుమారు అట్లు చేసినచో పట్టె వంకర పోవును. వైద్యశాలలు దీనిని ముందుగా గ్రహించినవి. గృహస్థులు పిమ్మట గ్రహించిరి. హైదర్‌గూడ, నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతపు పాతయిండ్లలో తాతలనాటి ఇనుపమంచము నేటికిని అక్కడక్కడ గానవచ్చును. పట్టె కొనలను కోళ్లకున్న గుంటలలో దించిన చాలు, మంచము నిలుచును; ఎత్తిన విడిపోవును. అద్దెయిల్లు మారువారికి ఇంతకంటె సదుపాయమేమి కావలెను? దోమతెరకు నాలుగు కడ్డీలును, తలాపున ఇత్తడి గుండ్లును గలది మరింత ముద్దు. ఇందు ఇనుము మనువుది, ఇత్తడి త్వష్టది. ఒకే మంచమున మన పంచవృత్తులలో రెండు కలిసినవి.

అయితే ఆ ఇనుము ఎక్కడిది? ఇచ్చట మనస్సు కలుక్కుమనును. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మనవారు మూసలలో కరగించిన ఉక్కు పారసీక దేశమునకు కత్తుల నిమిత్తమై పోయెడిది. ఆంగ్లేయులు 'ఊట్జ్' అని వ్రాసుకొన్నది మన 'ఉక్కు' అను మాటనే యని పలువురి యభిప్రాయము. హెన్రీ వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పని కన్నులార చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో, అతడు గతించిన పిమ్మట, అచ్చుపడినది. ఉక్కు కొనుటకై ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని సంగతియు అందు గలదు. అట్టి నాడునకు 1874లో వాడి నుండి సికిందరాబాదునకు రైలు వచ్చెను. సీమ ఇనుము చౌకగా దిగెను. బొగ్గు కాల్చి రాతిని కరగించు కొలుములు ఒక్కొక్కటిగా చల్లారెను. కరగించు విద్య పోయి కాచి సాగగొట్టు విద్య మాత్రమే మనకు మిగిలినది. ఆ మిగిలిన విద్యనైన కాపాడుకొందుమా యనునది నేటి ప్రశ్న.

ఏలయన నేడు దుకాణములలో 'వ్రాట్ ఐరన్' మంచమను పేర నమ్మబడునది ఆ ఇనుము గాదు. నిజమైన చేత ఇనుములో కిట్టపు పోగులు సన్నగా సాగియుండును. విరిచి చూచిన కొయ్యవలె నార కనబడును. 1856లో బెస్సిమరు పద్ధతి వచ్చిన పిదప చౌక ఉక్కు దానిని క్రమముగా తరిమివేసెను. బోల్టను పట్టణపు తుది కర్మాగారము సైతము 1970వ దశాబ్దమున మూతపడెను. నేటి మంచము బోలుగొట్టము, పూలును తీగలును అచ్చులలో దిగినవి, అతుకు విద్యుత్తుది. దీనిని మోసమని మేమనము. కొనువాని శక్తికి తగిన వస్తువది. కాని పేరు మాత్రము ఎరువు సొమ్ము.

పాతమంచమును గుర్తించుట కష్టము గాదు. తీగలు కలియుచోట ఎఱ్ఱగా కాల్చి చుట్టిన పట్టీ యుండును. ఆరిన కొలది అది బిగియును. రివిట్టు తలలు ఒకదానిని పోలి యొకటి యుండవు. తీగ కొన సమ్మెటదెబ్బకు క్రమముగా సన్నబడి చుట్టుకొనును. అచ్చుపూవునకు ఈ సన్నదన మబ్బదు.

కావున మా పోషకులకును సంఘసోదరులకును విన్నపము. మేడపై మూల త్రుప్పుపట్టుచున్న మంచమును తూకమున కమ్మక, ముందుగా కొలిమి నెరిగిన పెద్దకు చూపుడు. కోడు కదలినచో విద్యుత్తు నంటించుట కంటె రివిట్టు మార్చుట మేలు. కిట్టమున్న ఇనుమునకు ఆ అతుకు చక్కగా పట్టదు. పాతరంగులో సీసముండుట కలదు గనుక దానిని తడిపి గీకవలెను, పసిబిడ్డలను ఆ చాయలకు రానీయరాదు.