పాత కిన్నెర అమ్మే ముందు



మంగంపేట అనగానే మనకు గుర్తుకొచ్చేది ముగ్గురాయి. ఒకేచోట ఉన్న ముగ్గురాయి నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదేనని పేరు. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదకు బరువు రావడానికి ఈ రాయిని పొడికొట్టి కలుపుతారు. అందుకే ఓడలకెక్కి పరదేశాలకు పోతుంది. దీని బేరం సులువు. ఇన్ని టన్నులు, ఇంత ధర. రాయితో పాటే దాని గుణమూ కొన్నవాడికి చేరుతుంది.

అన్ని వస్తువుల బేరమూ ఇట్లాగే ఉండదు. తాతలనాటి వీణో, తంబురో, కిన్నెరో ఇంట్లో ఓ మూల ఉందనుకోండి. పాత సామాను కొనేవాడొచ్చి ధర చెప్పాడు. “వాయించేవాళ్ళు లేరాయె, చోటు దండగ, ఇచ్చేస్తే పోలా?” అనుకోవడం సహజమే. అమ్మడం తప్పని చెప్పడానికి రాలేదు నేను. అమ్మితే ఏది పోతుందో, ఏది పోకుండా చూసుకోవచ్చో చెబుదామని.

కిన్నెర సంగతే చూడండి. వెదురు దండి, దానికి ఎండిన సొరకాయ బుర్రలు, పైన తీగలు. మెట్లను తేనెమైనంతో అతికిస్తారు. అంతా మన చేలల్లో, అడవుల్లో దొరికే సరుకే. చూడ్డానికి ఇంత పేదగా ఉన్నా దీని వంశం గొప్పది. పదమూడో శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలో చిన్న కిన్నెర, పెద్ద కిన్నెర రెండింటి వర్ణనా ఉంది. మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య అనే భక్తుడి కథ చెప్పాడు. ఆయన కిన్నెర వాయించే శివుణ్ణి కొలిచాడు.

పండితుల గ్రంథాల్లో ఉన్న ఈ వాద్యాన్ని మన కాలందాకా మోసుకొచ్చింది మాత్రం దక్కలి కులస్థుల వంటి బీద కళాకారులు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబు వంటి వీరుల కథలు పాడతారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఆ వాద్యం ఎవరైనా కొనుక్కుపోవచ్చు. ఏ మెట్టు మీద వేలుంచితే ఏ కథ ఏ వరసలో నడుస్తుందో, అది మాత్రం ఆయన చేతిలోనూ గొంతులోనూ ఉంది.

వస్తువు మిగిలి వరస పోతే ఎట్లా ఉంటుందో మంగంపేటకు దగ్గర్లోనే చూడొచ్చు. తాళ్ళపాక అక్కడికి దూరమేమీ కాదు. అన్నమయ్య కీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక రాతిగదిలో దాచారు. 1922 ప్రాంతంలో అవి వెలుగులోకొచ్చాయి. మాట దొరికింది, రాగం పేరూ దొరికింది. ఆనాడు ఏ వరసలో పాడారో రేకుల మీద లేదు. అంత గట్టి రాగి కూడా దాన్ని దాచలేకపోయింది. తర్వాత మన సీమవారే అయిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు మళ్ళీ స్వరాలు కట్టాల్సి వచ్చింది.

ఇక బేరానికొద్దాం. పాత వాద్యాన్ని కూరగాయల మాదిరి అమ్మేయడానికి లేదమ్మా. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976లో అమల్లోకొచ్చింది. నూరేళ్ళు దాటిన కళావస్తువును ప్రైవేటు మనిషి దేశం దాటించరాదు. అటువంటి వాటి వ్యాపారం చేసేవాడికి లైసెన్సుండాలి. ఇంకొకటి. వెనుకటి కిన్నెరలకు మెట్లుగా అలుగు పెంకులు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అలుగు కాపాడవలసిన జంతువు. దాని పెంకుల అమ్మకం నేరం. వీణ మీద ఏనుగు దంతం పనితనం ఉన్నా జాగ్రత్తే, దంతం వ్యాపారమూ నిషేధమే. “ఎవరూ అడగరులెండి” అని కొనేవాడంటే, ఆ మాటతోనే వాడి సంగతి తెలిసిపోయినట్టు.

ఇట్లాంటి చిక్కు మనకొక్కరికే వచ్చిందా? స్వీడన్ దేశంలో నికెల్‌హార్పా అని ఒక జానపద వాద్యం ఉంది. కమానుతో వాయిస్తారు, తీగలను వేళ్ళకు బదులు చెక్క మీటలు నొక్కుతాయి. గోట్లాండ్ దీవిలో ఒక చర్చి ద్వారం మీద సుమారు 1350 నాటి శిల్పంలో అటువంటి వాద్యమే కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాయించేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఎరిక్ సాల్‌స్ట్రోమ్ అనే ఆయన, 1912లో పుట్టి 1986లో పోయారు, తాను వాయించడమే గాక వాద్యాలు తయారుచేశారు, తయారుచేయడం పదిమందికీ నేర్పారు. ఆయన పేరుతో 1998లో తోబో అనే ఊళ్ళో విద్యాలయం వెలిసింది. ఈనాడు అక్కడ పాత నికెల్‌హార్పా ఒకటి అమ్ముడుపోయినా దిగుల్లేదు. కొత్తది చేసేవాడున్నాడు, కొన్నవాడికి నేర్పేవాడున్నాడు.

మన ఇళ్ళల్లో ఆ పని ఎక్కడ మొదలవుతుంది? బేరగాణ్ణి ఇంకో వారం ఆగమనండి. ఆ వారంలో ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఈ వాద్యం ఎవరిది, ఎవరు చేశారు, తీగలు ఏ శ్రుతికి బిగించేవారు, ఏ పాటలకు వాయించేవారు అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వాయించగలిగిన చెయ్యి ఒక్కటున్నా చేతిలోని ఫోనులోనే రికార్డు చేసిపెట్టండి. ఫొటోలు తీయించండి. ఆ తర్వాత నేర్చుకుంటానన్న పిల్లవాడు గానీ పిల్ల గానీ చుట్టుపక్కల ఉన్నారేమో విచారించండి. నాలుగు రూపాయలు తక్కువైనా వాళ్ళకే ఇవ్వండి. ఎవరూ దొరకకపోతే మ్యూజియం వారినో, విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ వారినో అడగండి. మీరు రాసిన కాగితాలను మాత్రం వాద్యంతో పాటే పంపండి.

పెళ్ళికూతుర్ని ఒంటిచేతులతో పంపం గదా, పసుపూ కుంకుమా, నాలుగు మంచిమాటలూ ఒడిలో పెట్టి పంపుతాం. తాతల వాద్యాన్నీ అట్లాగే సాగనంపుదాం. సెలవు.